మా బండి కిటికీలకు నల్ల లంగాగుడ్డ

మా అత్తమ్మకు ప్రయాణమంటే ప్రాణం. మంచినీళ్ళంటే భయం. ఇంటి దగ్గర చెంబులు చెంబులు తాగే మనిషి, బస్సెక్కాల్సిన రోజు పొద్దుటి నుంచీ నోరు తడుపుకోదు. ‘‘ఎందుకత్తమ్మా అట్లా ఎండబెట్టుకుంటారు?’’ అంటే, ‘‘తాగితే పోవాలి గదనే. యాడికి పోవాలి?’’ అంటుంది. ఈ ప్రశ్నకి జవాబు నా దగ్గరా లేదు. నేనూ అదే పని చేస్తాను కదా! మగవాళ్ళకేం, ఏ తుమ్మచెట్టో చూసుకుంటారు. బస్టాండులో ఆడవాళ్ళ గదులు ఎట్లా ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

మూడేళ్ళ కిందట అత్తమ్మ మోకాళ్ళు పూర్తిగా మొరాయించాయి. బస్సు మెట్టు ఎక్కలేదు. సత్రంలో కింద కూర్చునే దొడ్డి వాడలేదు. ‘‘ఇక నా యాత్రలు అయిపోయినయి’’ అని మంచం మీద కూర్చుని మట్టపల్లి నరసింహస్వామికి ఇంటి నుంచే దండం పెట్టుకోవడం మొదలుపెట్టింది. హుజూర్‌నగర్ నుంచి మట్టపల్లి ఎంత దూరం! పొద్దున పోయి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావచ్చు. అదీ పోలేకపోయిందంటే ఆమె బాధ మీరే ఊహించుకోండి.

అప్పుడు మా వారు ఒక పాత ఓమ్ని వ్యాను కొన్నారు. మా వారికి వడ్లమిల్లుల్లో మోటార్లు బాగుచేసే పని. ఇనుము కనిపిస్తే ఏదో ఒకటి చేయకుండా ఉండలేరు. విదేశాల్లో ఇల్లు లాంటి వ్యాన్లు కట్టుకుని తిరుగుతారట, వాటిని సెల్‌ఫోనులో చూసి ఆయనకు ఆశ పుట్టింది. అయితే మన దగ్గర బండి ఆకారం మార్చాలన్నా, సీట్లు పీకెయ్యాలన్నా రవాణా ఆఫీసు అనుమతి ఉండాలి. ఆర్‌సీ పుస్తకంలో ఉన్నట్టే బండి ఉండాలన్నది చట్టం. అందుకని ఆయన ఏదీ కొయ్యలేదు, వెల్డింగు పెట్టలేదు. సీటు ఎత్తుకు సమానంగా ఒక చెక్క బల్ల చేయించి వెనక డిక్కీలో పెట్టారు. బండి ఆగాక సీటు వీపు వంచి, బల్ల ముందుకు జరిపి, పైన బొంత పరిస్తే మంచం. ముగ్గురం ఆడవాళ్ళం సర్దుకుని పడుకోవచ్చు. మా వారికీ చిన్నాడికీ ముందు సీట్లే గతి. బల్ల కింద బియ్యం డబ్బా, బిందె, స్టౌ, అత్తమ్మ కోసం మడత కమోడు కుర్చీ. దానికింద మూత ఉన్న బకెట్టు, అందులో రంపపు పొట్టు. ఈ సంగతి రాయడానికి సిగ్గు పడ్డాను గానీ, మోకాళ్ళ నొప్పుల అత్తలూ అమ్మలూ ఎందరిళ్ళల్లో లేరు? పొట్టు వేస్తే వాసన రాదు, పొద్దున్నే గుంట తీసి పూడ్చెయ్యొచ్చు.

ఇంతవరకూ బాగానే ఉంది. బండికి మాత్రం చుట్టూ అద్దాలే! పెళ్ళికూతుర్ని ఊరేగించడానికి పనికొస్తుంది గానీ, చీర మార్చుకోవడానికి పనికి రాదు.

‘‘దానికెందుకు దిగులు? నల్ల ఫిల్మ్ వేయిస్తా’’ అన్నారు మా వారు. కార్లకు సోకులు చేసే దుకాణానికి తీసుకుపోయి పదిహేను వందలిచ్చి అన్ని పక్క అద్దాలకూ నల్ల కాగితం లాంటిది అంటించుకొచ్చారు. పగలు చూస్తే భలే ఉంది. బయట నిలబడి అద్దంలో నా బొట్టు సరిచేసుకున్నాను గానీ లోపల కూర్చున్న అత్తమ్మ నాకు కనబడలేదు. ఆమెకేమో వీధంతా కనిపిస్తోంది. ‘‘నన్నెవరూ చూడరు, నేనందర్నీ చూస్తున్న’’ అని సంబరపడిపోయింది.

కిందటి కార్తీకమాసంలో మొదటి ప్రయాణం మట్టపల్లికే. తెల్లవారుజామున కృష్ణలో స్నానం చేయాలని ముందు రాత్రే పోయి పడుకున్నాం. పులిచింతల ప్రాజెక్టు నీళ్ళు నిలబడ్డాక అక్కడ కృష్ణ చెరువులా నిండుగా ఉంటుంది. మేం కొంచెం ఎడంగా, చెట్టు కింద బండి ఆపుకున్నాం. రాత్రి ఎనిమిది దాటింది. ఇంటరు చదివే మా అమ్మాయి బట్టలు మార్చుకుంటానని లోపలికి వెళ్ళి, కనబడడం లేదని లైటు వేసుకుంది. నేను బిందె తీసుకుని పంపు దగ్గరికి పోయాను.

నీళ్ళు పట్టుకుని వెనక్కి తిరిగి చూసేసరికి నా గుండె ఆగినంత పనైంది. తోలుబొమ్మలాట చూశారా మీరు? తెర వెనక దీపం పెడతారు, ముందు చీకటి. బొమ్మ వేలు కదిలినా కనిపిస్తుంది. అచ్చం అట్లాగే ఉంది మా బండి! నల్ల ఫిల్మ్ ఉందన్న మాటేగానీ లోపల ఉన్నదంతా కనిపిస్తోంది. మెట్ల మీద నలుగురైదుగురు కుర్రాళ్ళు. మాటలాపి ఇటే చూస్తున్నారు.

బిందె అక్కడే పారేసి పరుగెత్తాను. ‘‘లైటు ఆపవే!’’ అని నేనరిచిన అరుపుకి గుడిదాకా జనం తిరిగి చూశారు. మా వారు కుర్రాళ్ళ మీదికి పోబోయారు, నేనే ఆపాను. అమ్మాయి చీకట్లో ముడుచుకుని కూర్చుని ఏడ్చింది. తెల్లారి స్నానానికి దిగలేదు, గుళ్ళోకి రాలేదు. ఇంటికొచ్చాక ‘‘ఆ బండి నేను మళ్ళీ ఎక్కను, మీరెవరూ నన్ను అడగొద్దు’’ అంది. రెండు నెలలు ఆ మాట మీదే ఉంది. దాని తప్పేం లేదు. అద్దం సంగతి తెలుసుకోకుండా ధైర్యం చెప్పి పంపింది నేను.

ఆ తర్వాత ఇంట్లోనే పరీక్ష చేసి చూశాను. ఇందులో మాయ ఏమీ లేదు. అద్దానికి ఏ పక్క వెలుతురు ఎక్కువగా ఉంటుందో ఆ పక్క నిలబడ్డవాళ్ళకు అద్దంలో తమ నీడే కనిపిస్తుంది. చీకటి పక్క ఉన్నవాళ్ళకు వెలుతురు పక్క అంతా కనిపిస్తుంది. పగలు బయట ఎండ, లోపల నీడ, కాబట్టి మనం క్షేమం. రాత్రి లోపల దీపం, బయట చీకటి, కాబట్టి లెక్క తిరగబడుతుంది. ఇళ్ళల్లో కిటికీలకు మెరుపు ఫిల్ములు, అద్దం కాగితాలు అంటించుకున్న అక్కచెల్లెళ్ళు ఈ రాత్రి ఒకసారి లోపల లైటు వేసి, బయటికెళ్ళి చూసుకోండి. పడగ్గదికీ స్నానాల గదికీ ముఖ్యంగా చూసుకోండి. తెల్లగా గరుకుగా ఉండే అద్దమైతే అంత భయం లేదు, అయినా మనిషి అద్దానికి దగ్గరగా నిలబడితే నీడ తెలుస్తుంది.

ఈ ఫిల్మ్ ముచ్చట అక్కడితో అయిపోలేదు. అదే వారంలో మిర్యాలగూడ వైపు పోతుంటే దారిలో పోలీసులు ఆపి జరిమానా రాసి, రోడ్డు పక్కనే ఫిల్మ్ పీకించారు. మా వారు గొణుక్కున్నారు గానీ, వాళ్ళ మాటా నిజమే. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పిచ్చి కార్లకు నల్ల ఫిల్ములు కుదరవంది, మే 4 నుంచి అది అమలులోకొచ్చింది. నల్ల అద్దాల చాటున ఆడపిల్లల్ని ఎత్తుకుపోవడం లాంటి ఘోరాలు జరుగుతున్నాయనే కదా ఆ కేసు వేసింది. 1989 నాటి మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ముందు, వెనక అద్దాల గుండా వందకు 70 వంతులు, పక్క అద్దాల గుండా 50 వంతులు వెలుతురు పోవాలి. తర్వాత నిబంధనలు కొంత మారాయి. ఈ కొలత దాటకుండా ఉంటే ఫిల్మ్ వేసుకోవచ్చని 2024లో కేరళ హైకోర్టు అంది. అనుకోండి, సగం వెలుతురు పోయే ఫిల్మ్ వేసుకుని మనం ఏం చాటు చేసుకుంటాం? చూడండి విడ్డూరం... మా అమ్మాయిని దాచలేనిది కూడా అదే నల్ల అద్దం, ఇంకెవరి పిల్లనో దాచేసి ఎత్తుకుపోయేదీ అదే.

ఫిల్మ్ పోయాక బండి మళ్ళీ గాజు పెట్టె అయింది. అప్పుడు నేను మా వారితో, ‘‘మీ ఇనుప పనులు చాలు, ఇక నా కుట్టుమిషను పని చూడండి’’ అన్నాను.

నా ఆలోచన ఏమిటంటే, బండి నడిచేటప్పుడు అద్దాలకు ఏమీ ఉండకూడదు. డ్రైవరుకు వెనకా పక్కలా కనబడాలి, పోలీసులకు లోపల కనబడాలి. బండి ఆగాక మాత్రం గుడ్డి గోడలా మూసుకుపోవాలి. అంటే ఇంటి కిటికీకి తలుపు రెక్కలున్నట్టు, తీసి పెట్టుకునే రెక్కలు కావాలి.

ముందుగా పాత పేపర్లు తెచ్చి అద్దానికి లోపలి వైపు పరిచి టేపు వేశాను. అంచు వెంట గోటితో గీరి, ఆ గీత మీద కత్తిరించాను. జాకెట్టుకు ఆది తీసినట్టే. అద్దం కంటే చుట్టూ ఒకటిన్నర అంగుళం ఎక్కువ వదిలాను, చుట్టూ ఉన్న ఇనుప చట్రం మీద కూర్చోవాలి కదా! రేకుల షెడ్ల కింద వేడి రాకుండా వేసే వెండిరంగు బుడగల షీటు మా వారు మిల్లు నుంచి మిగులు ముక్కలు తెచ్చారు. ఆది ప్రకారం అవి కత్తిరించాను. ఒక పక్కకు మ్యాచింగ్ సెంటరు నుంచి తెచ్చిన నల్ల లంగాగుడ్డ వేసి కుట్టాను. పలచటి పాప్లిన్ వద్దు, మందంగా ఉండే రకం అడిగి తీసుకోండి. దీపానికి అడ్డం పెట్టి చూస్తే చుక్కలు కనిపించకూడదు. మిషను మీద కుట్టు పెద్దదిగా పెట్టుకోవాలి. చిన్న కుట్టు వేస్తే షీటుకు చిల్లులు ఎక్కువై, కాగితం చింపినట్టు ఆ గీత వెంట చినిగిపోతుంది. నా మొదటి రెక్క అట్లాగే పోయింది. చుట్టూ పాత చీర అంచుతో పట్టీ వేస్తే గట్టిగా నిలబడింది.

రెక్క అద్దానికి అంటుకోవడానికి ముందు రబ్బరు గిన్నెలు తెచ్చారు, అద్దానికి నొక్కితే పట్టుకునేవి. అవి అర్ధరాత్రి ఒక్కొక్కటీ ‘టప్’మని ఊడిపడ్డాయి. దయ్యమనుకుని చిన్నాడు కేకలు పెట్టాడు. తర్వాత చిన్న బిళ్ళల్లాంటి అయస్కాంతాలు తెచ్చి, పట్టీ లోపల జానెడుకొకటి పెట్టి కుట్టేశాను. ఓమ్నిలో కిటికీ చుట్టూ ఇనుమే ఉంటుంది కాబట్టి ‘టక్కు’మని అతుక్కుపోయాయి. లోపల ప్లాస్టిక్ తొడుగులున్న బండ్లకు ఇది కుదరదు, వాటికి వెల్‌క్రో పట్టీలే గతి.

ఇంతలో ఒక తమాషా దొరికింది. నల్లవైపు బయటికి పెడితే రాత్రి ఏమీ కనబడదు. పగలు మాత్రం నలుపు ఎండ తాగి లోపల ఉడికిపోతుంది. వెండివైపు బయటికుంటే ఎండ వెనక్కి కొడుతుంది గానీ, రెక్క తిరగేస్తే కుడి కోణం ఎడమకు పోయి కిటికీకి పట్టదు. రెండో జత కుట్టాలేమో అని తల పట్టుకుని కూర్చుంటే, నాతో మాటే సరిగా మాట్లాడని మా అమ్మాయి గది గుమ్మంలో నుంచి, ‘‘తిరగేసి అవతలి కిటికీకి పెట్టమ్మా’’ అంది. నిజమే! కుడి కిటికీ ఎడమ కిటికీకి అద్దంలో నీడ లాంటిది. కుడిది తిరగేస్తే ఎడమకు సరిగ్గా సరిపోయింది. వెనక తలుపు అద్దం రెండు పక్కలా ఒకటే ఆకారం కాబట్టి దాన్ని ఎటైనా తిప్పుకోవచ్చు. అంటే అయిదు రెక్కలతోనే పగలూ రాత్రీ గడిచిపోతాయి. ఆ తర్వాత పిల్ల తనే వచ్చి కూర్చుని, రెక్కల మూలల్లో దారంతో ఒకటి నుంచి అయిదు దాకా అంకెలు కుట్టింది.

ముందు అద్దానికీ ముందు తలుపులకూ రెక్కలు పెట్టలేదు. ముందు సీట్ల వెనక అడ్డంగా స్ప్రింగు తీగ కట్టి మందపు తెర వేశాను. కింద గాలికి లేవకుండా అడుగు మడతలో పాత తాళంచెవులు కుట్టాను. ఏ తాళానివో తెలియని తాళంచెవులు ప్రతి ఇంట్లోనూ ఒక డబ్బాడు ఉంటాయి కదా, ఇన్నాళ్ళకు పనికొచ్చాయి.

ఒక్క విషయం మాత్రం తప్పకుండా గుర్తుంచుకోండి. అన్నీ మూసుకుని పడుకుంటే ఊపిరాడదు. జరిపే అద్దం రెండంగుళాలు తెరిచి అక్కడ నల్ల దోమతెర వేశాను. రెక్కకు ఆ మేర కోసి, దాని మీద పరికిణీకి కుచ్చు వేసినట్టు గుడ్డ వేలాడదీశాను. గాలి వస్తుంది, చూపు రాదు. రెండు పక్కలా ఇట్లా ఉండాలి, అప్పుడే గాలి ఆడుతుంది. స్టౌ ఎప్పుడూ బయటే వెలిగించాలి. ఇంజను ఆన్ చేసి ఏసీ పెట్టుకుని మూసిన బండిలో నిద్రపోతే ఆ పొగలోని విషవాయువు వాసన కూడా తెలియకుండా ప్రాణం తీస్తుంది. మా ఓమ్నికి ఏసీ లేదు లెండి, ఉన్నవాళ్ళ కోసం చెబుతున్నాను.

మాఘమాసంలో శ్రీశైలం పోదామన్నారు మా వారు. అమ్మాయి వస్తుందా రాదా అని నా మనసు పీకుతూనే ఉంది. బయల్దేరే ముందు రాత్రి అది బండి లోపల లైటు వేసి, తమ్ముణ్ణి కూర్చోబెట్టి, ‘‘డాన్సు చెయ్యరా’’ అని బయటికొచ్చింది. చుట్టూ మూడుసార్లు తిరిగింది, వంగి చూసింది, దూరంగా పోయి చూసింది. వెనక తలుపు దగ్గర వెంట్రుకవాసి వెలుతురు గీత దొరికింది. అక్కడ ఒక తువ్వాలు చుట్టి దూర్చింది. ‘‘వస్తా’’ అంది అంతే.

ఎల్లిపాయ కారం, జొన్నరొట్టెలు, పులిహోర, ఒక డబ్బా సకినాలు కట్టుకుని తెల్లారే బయల్దేరాం. మిర్యాలగూడ, హాలియా మీదుగా సాగర్ చేరాం. మా హుజూర్‌నగర్ పొలాలకు నీళ్ళు తెచ్చే ఎడమ కాలువ పుట్టేది ఇక్కడే. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు ఈ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. ఇరవై ఆరు గేట్లు. కొత్తగా 2022లో తెరిచిన బుద్ధవనం చూస్తూ పిల్లలు పొద్దు పోగొట్టారు. ఎండలో నిలబడ్డ బండిలో అత్తమ్మ వెండి రెక్కలు పెట్టించుకుని గంటన్నర నిద్రపోయింది. లేచి, ‘‘కుక్కర్ల పెట్టి మూసిండ్రనుకున్న గానీ సల్లగనే ఉన్నది’’ అని మెచ్చుకుంది.

అక్కడి నుంచి మల్లేపల్లి, దేవరకొండ. రేచర్ల నాయకుల కోట గోడలు కొండ మీద కనిపిస్తుంటే దిగి చూద్దామని నాకుంది గానీ మా వారు ఆపలేదు. అది ఇంకా నా మనసులో ఉంది. డిండి దగ్గర టైరు పంక్చరైంది. నిజాం జమానాలో కట్టిన జలాశయం అది, సాయంత్రం ఎండకు రాగి పళ్ళెంలా మెరుస్తోంది. చూస్తూ కూర్చున్నాం, గంటలు గడిచిపోయాయి.

మన్ననూరు చేరేసరికి రాత్రి తొమ్మిదీ ఇరవై. గేటు పడిపోయింది. అమ్రాబాద్ పులుల అడవి కదా, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లను వదలరు. అడవి జంతువులకు అది నడిచే వేళ. ఒక్క ఇరవై నిమిషాలకే! గేటు ముందు అప్పటికే పది పన్నెండు బండ్లు ఆగి ఉన్నాయి. అన్నీ మగవాళ్ళ మాటలు, హెడ్‌లైట్లు, ఫోనుల్లో పాటలు. నా గుండె మళ్ళీ మట్టపల్లి మెట్ల దగ్గరికి పోయింది.

అమ్మాయే దిగి అంకెలు చూసుకుంటూ అయిదు రెక్కలూ టకటకా పెట్టేసింది. తెర లాగింది. లోపల దీపం వేసి, ‘‘అమ్మా, బయటికెళ్ళి చూసి రా’’ అంది. నేను చుట్టూ తిరిగాను. ఎదురుగా వచ్చిన లారీ లైటు పడ్డా కూడా మా బండి బొగ్గుముక్కలా నల్లగా ఉంది. లోపల మాత్రం దీపం వెలుగు వెండి షీటు మీద పడి దీపావళిలా ఉంది. పిల్ల నింపాదిగా బట్టలు మార్చుకుని జడ విప్పుకుంది. అత్తమ్మ జొన్నరొట్టె తిని, ‘‘సెంబు ఇటియ్యి కోడలా’’ అని గటగటా తాగింది. ప్రయాణంలో ఆమె అట్లా తాగడం నా పెళ్ళయ్యాక నేను చూడటం అదే మొదటిసారి.

పది దాటాక ఎవరో అద్దం మీద మెల్లగా తట్టారు. నెలల పసిబిడ్డతో ఒక అమ్మాయి. వాళ్ళ కారునిండా మగవాళ్ళే, మామగారూ మరుదులూ. పిల్ల పాలకు ఏడుస్తోంది. ‘‘అక్కా, జరసేపు లోపల కూర్చోవచ్చునా?’’ అంది. జరిగి చోటిచ్చాం. పాలిచ్చింది, పిల్ల బట్టలు మార్చింది, పొద్దుటి నుంచీ ఎక్కడికీ పోలేదని కమోడు కుర్చీ కూడా వాడుకుంది. తనకూ ఆదులు కావాలంది. తెల్లారి గేటు తీసేలోపు మా అమ్మాయి పేపరు మీద వాళ్ళ కారు కిటికీలు గీసి ఇచ్చింది. వాళ్ళది లోపలంతా ప్లాస్టిక్, అయస్కాంతం పట్టదని కూడా చెప్పింది.

ఆరింటికి గేటు లేచింది. రెక్కలన్నీ తీసి బల్ల కింద పెట్టేశాం. వటవర్లపల్లి దాటేదాకా మంచు, రోడ్డు మీదికి నెమళ్ళు. అత్తమ్మ అద్దానికి ముఖం ఆనించి అడవి చూస్తూ కూర్చుంది. దర్శనం, పాతాళగంగ గురించి చెప్పడానికి నా దగ్గర కొత్తగా ఏం లేదు, మీరంతా చూసినవే. పాతాళగంగకు రోప్‌వే ఉండబట్టి అత్తమ్మ దిగగలిగింది. అయిదో నంబరు రెక్కను వెంట తెచ్చుకుని చల్లటి మెట్టు మీద వేసుకుని దాని మీద కూర్చుంది. ఆ నీళ్ళల్లో దాని నల్లరంగు కొంచెం వెలిసింది. ఈసారి రంగు పోని గుడ్డ కొనాలి. మేడారం జాతర కంటే ముందే ఇంకో జత కుట్టి పెట్టమని మా ఆడబిడ్డ అప్పుడే ఫోను చేసింది, వాళ్ళు కూడా వ్యాను కొన్నారట.